అమ్మ నడిపితేనే ఆగే కారు

మా కారుదీ నాదీ ఒకటే వయసు. ఇద్దరం 2006 మోడల్. దాని కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఇన్నేళ్ళు మమ్మల్ని మోసిన బండికి ఒక్క ఎండాకాలం గొడవ వల్ల చెడ్డపేరు తేవడం న్యాయం కాదు, పైగా చివరికి తేలిందేమిటంటే తప్పు దానిది కూడా కాదు. పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు. నాన్న 2016లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

కొన్నది నాన్నే అయినా అది అమ్మ కారు. నాన్నది మదనపల్లెలో జిరాక్స్ షాపు, ఇంటి నుంచి బైకు మీద ఐదు నిమిషాలు. అమ్మ గవర్నమెంట్ స్కూల్లో తెలుగు టీచర్. ఆ స్కూలు అంగళ్ళు దాటాక మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోవాలి. కారు రాకముందు బస్సు, తర్వాత షేర్ ఆటో, ఆ తర్వాత నడక. కారొచ్చాక పొద్దున ఒక గంట మిగిలింది ఆమెకి. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. గేటుకి రెండుసార్లు గుద్దింది, ఆ సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఎంత బాగా నడిపిందంటే దారిలో ఉన్న ఇద్దరు టీచర్లు కూడా ఆమె కారులోనే ఎక్కడం మొదలుపెట్టారు.

మొన్న మార్చిలో నేను హాస్టల్లో ఉండగా ఫోన్ చేసింది. "కారు ఆగిపోయింది రా. మిట్ట ఎక్కుతుంటే. వెనక టమాటా లారీ." గొంతు మామూలుగా లేదు. నేను లాబ్‌లో ఉన్నాను. "పెట్రోల్ అయిపోయిందేమో చూడమ్మా," అని పెట్టేశాను. పావు ట్యాంకు ఉందంట. కాసేపు ఆగి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయిందంట, ఇంటికి వచ్చేసిందంట. సరే అయిపోయింది కదా అనుకున్నా.

ఏప్రిల్ లోపల ఇంకో మూడుసార్లు అయింది. అన్నిసార్లూ ఆ మిట్ట మీదే, లేదా తిరిగొచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు మీద ఎత్తు ఉన్న చోట. నాన్న తీసుకెళ్ళి టౌన్‌లో రెండు రౌండ్లు వేశాడు. పువ్వులాగా నడిచింది. మెకానిక్ దగ్గర పెట్టారు. ఆయన ప్లగ్గులు మార్చాడు, త్రాటిల్ బాడీ క్లీన్ చేశాడు, తనే ఒక రౌండ్ వేసి "ఏం లేదు సార్, బండి సూపర్" అన్నాడు. మరుసటి రోజు అమ్మ తీసుకెళ్తే మళ్ళీ అదే.

ఇక ఇంట్లో కోరస్ మొదలైంది. ఆమెకి క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు ఉందన్నారు. మిట్ట మీద గేరు ఆలస్యంగా మారుస్తుందన్నారు. భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తుందన్నారు. మా మేనమామ అయితే ఫోన్లోనే తేల్చేశాడు. "బండిలో ఏం లేదు బావా, నడిపేవాళ్ళలో ఉంది." సెలవులకి ఇంటికొచ్చి నేను కూడా బైపాస్ మీద ఒక పది కిలోమీటర్లు నడిపి చూశాను. ఒక్క జర్క్ కూడా లేదు. ఇంటికొచ్చి తాళాలు టేబుల్ మీద పెట్టి, "హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు ఉంచుతున్నావేమో అమ్మా," అన్నాను.

మన సీఎస్సీ వాళ్ళకి ఒక డైలాగ్ ఉంటుంది కదా, యూజర్ బగ్ చెప్తే "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అని. మీమ్స్ పెట్టుకుని నవ్వుకుంటాం. ఆ రోజు మా అమ్మతో నేను సరిగ్గా అదే అన్నాను, అన్న సంగతి కూడా తెలీకుండా.

ఆమె ఏమీ వాదించలేదు. "తొక్కితే ఊపిరి అందనట్టు అవుతుంది రా. కాలు తీస్తే తేరుకుంటుంది. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే," అంది. నాన్న నవ్వాడు. "తెలుగు టీచర్ కదా, కారుక్కూడా ఉపమాలంకారం వేస్తోంది," అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడు అమ్మ ఒక్కటే మాట అంది. "నా కాలు కింద ఏం జరుగుతోందో నాకు తెలీదా?"

ఆ తర్వాతి వారం నుంచి ఆమె బస్సులో పోవడం మొదలుపెట్టింది. పదో తరగతి ఫెయిలైన పిల్లలకి సప్లిమెంటరీ క్లాసులు ఉన్నాయి, ఎండల్లో కూడా వెళ్ళాలి. ఆరున్నరకే బయలుదేరేది. కారు తాళాలు టీవీ పక్కన మేకుకి వేలాడుతూ ఉండేవి. "అమ్మేద్దాం," అన్నాడు నాన్న. పదిహేనేళ్ళు నిండాక 2021లో రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకి రెన్యువల్ చేయించాం, అది 2026తో అయిపోతుంది. మళ్ళీ ఫిట్‌నెస్, మళ్ళీ ఫీజు. "ఎవరూ నడపని కారుకి అంత ఖర్చు ఎందుకు?" అది లెక్క ప్రకారం కరెక్టే. కానీ "ఎవరూ నడపని" అన్న మాట దగ్గర అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నేను మొదటిసారి ఆమె చెప్పిన వాక్యాన్ని వాక్యంలా కాకుండా ఎర్రర్ లాగ్‌లా చదివాను. తొక్కితే ఊపిరి అందదు. వదిలితే తేరుకుంటుంది. మిట్ట మీదే. బయలుదేరిన ఇరవై నిమిషాల తర్వాతే. పొద్దున స్టార్టింగ్ ప్రాబ్లం లేదు. స్లోలో ఆగదు. ఇది క్లచ్ ప్రాబ్లం ఎలా అవుతుంది? క్లచ్ స్లిప్ అయితే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఇక్కడ ఇంజినే చచ్చిపోతోంది. అంటే దానికి నిజంగానే ఏదో అందట్లేదు. గాలి లేదా పెట్రోల్ లేదా స్పార్క్. ప్లగ్గులు కొత్తవి, గాలి దారి ఇప్పుడే క్లీన్ చేశారు. మిగిలింది పెట్రోల్.

ఆ కారులో పెట్రోల్ ఎలా పోతుందో అప్పటిదాకా నాకు తెలీదు. తెలుసుకున్నది చెప్తాను, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే ఉంది. వెనక సీటు కింద ట్యాంకులో ఒక చిన్న కరెంటు మోటారు పెట్రోల్లోనే మునిగి ఉంటుంది. అదే పంపు. తాళం ఆన్ చేసిన వెంటనే వెనక నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా "జూయ్" మని వినిపించేది దాని శబ్దమే. అది పెట్రోల్‌ని ఫిల్టర్ గుండా ముందుకి తోస్తుంది. ఇంజిన్ మీద రెయిల్ అనే గొట్టం, దానికి నాలుగు ఇంజెక్టర్లు. రెయిల్ దగ్గర ఒక రెగ్యులేటర్. పంపు ఎప్పుడూ అవసరం కన్నా ఎక్కువే పంపిస్తుంది. రెగ్యులేటర్ కావలసిన ప్రెజర్ ఉంచుకుని మిగిలింది ఇంకో గొట్టంలో వెనక్కి ట్యాంకులోకి పంపేస్తుంది. ఇలాంటి బండ్లలో స్లోలో ఉన్నప్పుడు 2.5 బార్ ప్రాంతంలో, ఫుల్‌గా తొక్కినప్పుడు 3 బార్ ప్రాంతంలో ప్రెజర్ ఉంటుంది.

కంప్యూటర్ చేసేది ఇంజెక్టర్‌ని ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో నిర్ణయించడం. అంతే. మా కారులాంటి పాత బండిలో ప్రెజర్ సెన్సర్ ఉండదు. ప్రెజర్ సరిగ్గానే ఉందని అది నమ్ముతుంది. సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ మామూలు స్పీడులో కొంత సరిదిద్దుతుంది గానీ, గట్టిగా తొక్కినప్పుడు చాలా బండ్లు దాని మాట పక్కన పెట్టి లోపల ఉన్న టేబుల్ ప్రకారమే పోతాయి. అందుకే డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. లైటు వెలగలేదు కాబట్టి ప్రాబ్లం లేదని మేమందరం అనుకున్నాం.

పొద్దున్నే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. మా వీధి వాళ్ళందరూ ఆయన్ని భాయ్ అంటారు. "భాయ్, ఫ్యూయల్ ప్రెజర్ చూశారా?" అన్నాను. ఆయనకి కోపం రాలేదు, గేజ్ తీశాడు. పాత బండి కాబట్టి రెయిల్ మీద గేజ్ పెట్టే వాల్వు లేదు, లైన్ విప్పి మధ్యలో టీ జాయింటు వేయాలి. ముందు పంపు ఫ్యూజు పీకేసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా నడిపి, లైన్లో ప్రెజర్ పోయాక గుడ్డ చుట్టి మెల్లగా విప్పాడు. అయినా కొంచెం చిమ్మింది. దయచేసి ఇది మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ట్రై చేయకండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది, బీడీ తాగుతున్న కుర్రాణ్ణి భాయ్ రోడ్డు అవతలికి తరిమాడు.

స్లోలో 2.5. రెగ్యులేటర్‌కి ఉన్న సన్న గాలి గొట్టం పీకితే 3.0. ఇంజిన్ ఆపేశాక కూడా ముల్లు చాలాసేపు దిగలేదు. పుస్తకంలో ఉన్నట్టే. "సూడు, పంపు పర్ఫెక్ట్," అన్నాడు భాయ్. నేను కూడా ఒప్పేసుకుని సగం దూరం నడిచి వచ్చేశాను.

సగం దూరంలో ఆగిపోయాను. స్లోలో ఇంజిన్ తాగే పెట్రోల్ ఎంత? చాలా తక్కువ. పంపు పంపినదాంట్లో ఎక్కువ భాగం వెనక్కే పోతుంది. పంపు సగం బలంతో ఉన్నా సరే, ఆ కాస్త దానికి 2.5 బార్ వచ్చేస్తుంది. రెగ్యులేటర్ వెనక్కి పంపే దారిని ఇంకాస్త మూస్తుంది, ముల్లు కదలదు. ముల్లు కదలాలంటే ఇంజిన్ నిజంగా ఆకలితో ఉండాలి. మిట్ట మీద, ఏసీతో, నలుగురు కూర్చుని. అప్పుడు వెనక్కి దారి పూర్తిగా మూసుకున్నాక కూడా చాలకపోతే, అప్పుడు పడుతుంది ప్రెజర్. షెడ్‌లో పెట్టి చూస్తే ఎన్నేళ్ళు చూసినా పడదు. ఆ టెస్టు వృథా అని కాదు. రెగ్యులేటర్ బాగుంది, ఇంజెక్టర్లు కారట్లేదు అని అది చెప్పింది. పంపు బాగుంది అని మాత్రం చెప్పలేదు. ఆ మాట మేము కలిపాం.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. నాన్న ఏసీ వేయడు, మైలేజీ పడిపోతుందని. ఎప్పుడూ ఒక్కడే నడుపుతాడు, టౌన్‌లోనే. భాయ్ కూడా అంతే. నేను బైపాస్ మీద వెళ్ళింది రాత్రి ఎనిమిదికి, కిటికీలు దించుకుని. అమ్మ వెళ్ళేది ముగ్గురు టీచర్లు, రెండు కట్టల నోటుపుస్తకాలు, ఏసీ, మధ్యాహ్నం ఎండ, మిట్ట. కారు ఆమె చేతిలోనే ఎందుకు ఆగుతుందంటే, ఆమె ఒక్కతే దానితో నిజంగా పని చేయించింది కాబట్టి.

భాయ్ దగ్గర గేజ్ అద్దెకి అడిగాను. 500 డిపాజిట్ తీసుకుని, పొడుగు హోస్ పెట్టి, టీ జాయింటు క్లిప్పులు రెండుసార్లు చెక్ చేసి ఇచ్చాడు. గేజ్‌ని కారు లోపలికి తేకూడదు, లీకైతే పెట్రోల్ మన ఒళ్ళో పడుతుంది. బానెట్ వెనక సందులోంచి హోస్ బయటికి తీసి, గేజ్‌ని అద్దానికి బయట, వైపర్ కింద టేపుతో కట్టాం. లోపల కూర్చుంటే ముల్లు కనిపిస్తుంది.

ఇప్పుడు నడపాల్సింది అమ్మే. నేను నడిపితే మళ్ళీ నా కాలు, నా అలవాటు. ఆమె రానంది. "నేను ఆపుతానని మళ్ళీ అందరూ చూడాలా?" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. "ఆగితే మంచిదమ్మా. ఆగాలనే పోతున్నాం," అన్నాను. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, ఎండ మండిపోతుంటే, బయలుదేరాం. బరువు కోసం వెనక సీట్లో నాన్న, చెల్లి. నాన్న జీవితంలో మొదటిసారి టెస్ట్ లోడ్ అయ్యాడు. ఏసీ నాలుగో నంబరు మీద.

అంగళ్ళు దాకా ముల్లు 2.5కి, 3కి మధ్య హాయిగా ఊగుతోంది. నాన్న వెనక నుంచి "బాగానే పోతోందిగా," అన్నాడు. అమ్మ పలకలేదు. స్టీరింగ్ మీద వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. లోపలి రోడ్డుకి తిరిగాం. మిట్ట మొదలైంది. మూడో గేరు. తొక్కింది. ముల్లు 3 దగ్గరికి వెళ్ళింది, వెళ్ళాల్సిందే. ఆ తర్వాత దిగడం మొదలుపెట్టింది. 2.6. 2.2. "తొక్కుతూనే ఉండమ్మా." 1.8. బండి ఒక్కసారి వెనక్కి గుంజింది. 1.6. మా చెల్లి సీటు పట్టుకుంది. ఇంజిన్ గుక్కపట్టినట్టు కొట్టుకుంటోంది.

"ఇదే! ఇదే! ఇట్లాగే!" అని అరిచింది అమ్మ.

ఎంత సంతోషంగా అరిచిందో చెప్పలేను. కారు పాడైందని అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. పక్కకి తీసి హ్యాండ్ బ్రేక్ వేసి, తల సీటుకి ఆనించి నవ్వింది, తర్వాత చున్నీతో కళ్ళు తుడుచుకుంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఇంజెక్టర్‌లోంచి వచ్చే పెట్రోల్ ప్రెజర్ వర్గమూలం ప్రకారం మారుతుంది. 3 ఉండాల్సింది 1.6 ఉంటే, అందాల్సిన దాంట్లో 73 శాతమే అందుతుంది. ఊపిరి అందట్లేదు అనే మాటకి ఇంతకన్నా మంచి టెక్నికల్ అనువాదం నాకు తెలీదు.

ఇక్కడితో ఆపితే నేను హీరోని. కానీ తర్వాత నేను చేసిన పని కూడా చెప్పాలి. ప్రెజర్ పడింది అంటే పంపు పోయింది, అంతే కదా అని ఆన్‌లైన్‌లో కొత్త పంపు ఆర్డర్ పెట్టించాను. 4,200 రూపాయలు, నాన్న కార్డు మీద. పెట్టేముందు నేను పంపుకి కరెంటు కూడా చెక్ చేశాను, చేయకుండా ఎలా ఉంటాను. వెనక సీటు లేపి, పంపు కప్లర్ పీకి, తాళం ఆన్ చేయించి, మల్టీమీటర్ పెట్టాను. 12.4 వోల్టులు. కరెంటు ఓకే అని రాసుకున్నాను కూడా.

పంపు వచ్చింది. బిగించడానికి భాయ్ బిజీగా ఉంటే, బస్టాండ్ దగ్గర సెల్ఫ్ మోటార్లు, డైనమోలు రిపేరు చేసే తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనకి అరవై పైనే ఉంటాయి. డబ్బా విప్పకుండానే అడిగాడు. "పంపు కాడ కరెంటు సూస్తివా అబ్బయ్యా?"

"చూశాను తాతా, 12.4 ఉంది."

"కప్లరు పీకి సూస్తివా, తగిలించి సూస్తివా?"

"పీకి."

"పంపు తిరక్కుండా సూస్తే ఎవురికైనా పన్నెండు వస్తాది," అన్నాడు తాత, తిట్టినట్టు కాకుండా, టైము చెప్పినట్టు.

నా మొహం ఎలా అయిందో మీరు ఊహించుకోండి. బరువు లేనప్పుడు కొలిస్తే నిజం తెలీదని షెడ్ గేజ్ దగ్గర నేర్చుకున్నవాణ్ణి, వారం తిరక్కుండా వోల్టేజి దగ్గర అదే తప్పు చేశాను. కప్లర్ పీకితే ఆ వైర్లో కరెంటు పారదు. పారకపోతే తుప్పు దగ్గర వోల్టేజి పడదు. మీటర్ అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే పిచ్చిది.

తాత కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి వైర్ల పక్కన రెండు గుండుసూదులు దూర్చాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. బ్యాటరీ దగ్గర 13.9. పంపు దగ్గర 10.2. మధ్యలో 3.7 వోల్టులు ఎక్కడో మాయం. ఎక్కడ అని వెతకడం ఆయన చేసిన తీరు నాకు చాలా నచ్చింది. పొడుగు వైరు ఒకటి తీసుకుని, మీటర్ ఒక కాలు బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కాలు పంపు ప్లస్‌కి. 0.6. ఆ వైపు పెద్ద తప్పు లేదు. తర్వాత ఒక కాలు బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి పంపు మైనస్‌కి. అవి రెండూ ఒకటే అయ్యుండాలి, సున్నాకి దగ్గరగా రావాలి. 3.1 వచ్చింది.

"ఎర్తు," అన్నాడు తాత.

వెనక సీటు కింద కార్పెట్ ఎత్తితే మూల నుంచి పాత వాసన వచ్చింది. అక్కడ నల్ల వైరు ఒకటి బోల్టుతో బాడీకి బిగించి ఉంది. బోల్టు కనపడట్లేదు, తుప్పు ముద్ద కనపడుతోంది. నాకు వెంటనే గుర్తొచ్చింది. 2021 నవంబరు వానలు. అప్పటి చిత్తూరు జిల్లాలో ఆ వానల్ని ఎవరూ మర్చిపోయి ఉండరు. మా వీధిలో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి, కారు డోర్ల కింది దాకా మునిగింది. నీళ్ళు తగ్గాక నాన్న, నేను కార్పెట్ పైపైన ఆరబెట్టి, అగరొత్తులు వెలిగించి, బాగైపోయింది అనుకున్నాం. కింద మూల తడి మూడున్నరేళ్ళు మెల్లగా తన పని చేసుకుంటూ పోయింది. తుప్పు పట్టిన జాయింటులో కరెంటు పోయేకొద్దీ అది వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా అడ్డం పడుతుంది. బయలుదేరిన ఇరవై నిమిషాలకే ఎందుకు మొదలయ్యేదో అదీ అర్థమైంది. అమ్మ క్లచ్ అలవాటు అని మేము ఇంతకాలం అన్నది ఇదన్నమాట, మేమిద్దరం సరిగ్గా ఆరబెట్టని కార్పెట్.

తాత బోల్టు కోసేశాడు. రేకు తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, వైరుకి కొత్త థింబుల్ వేసి, కొత్త బోల్టు బిగించి, పైన గ్రీజు పూశాడు. మళ్ళీ కొలిస్తే పంపు దగ్గర 13.2. 150 రూపాయలు తీసుకున్నాడు. పంపు మార్చమని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఫిల్టర్ మాత్రం మార్చమన్నాడు. అది భాయ్ దగ్గర 380. పాత ఫిల్టర్‌ని వెనక నుంచి డబ్బాలోకి వంచితే పెట్రోల్ రంగులో కాదు, కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. ఎన్నాళ్ళ నుంచి మార్చలేదని భాయ్ అడిగితే నాన్న వినపడనట్టు నిలబడ్డాడు.

4,200 పంపు వాపసు తీసుకోలేదు, డబ్బా సీలు చింపేశాను కాబట్టి. బీరువా మీద ఉంది. నాన్న దాని గురించి ఏమీ అనడు. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం "అది మావాడి ఇంజనీరింగ్ ప్రాజెక్టు" అని చూపిస్తాడు. అది నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

గేజ్ వాపసు ఇచ్చేముందు చివరి టెస్టు కోసం హార్సిలీ హిల్స్ ఎక్కుదామన్నాను. స్కూలు మిట్ట దానిముందు ఎంత. నాలుగు వేల అడుగుల ఎత్తు, పైదాకా మలుపులే. ఈసారి ఎవరూ బతిమాలక్కర్లేదు, అమ్మే తాళాలు తీసుకుంది. నాన్న మళ్ళీ వెనక సీట్లో, చెప్పకుండానే ఎక్కాడు. అమ్మ ఏసీ నాలుగుకి తిప్పింది, నేను చెప్పకముందే.

కింద ఘాట్ మొదట్లో ముల్లు 3.0. మొదటి మలుపు, రెండో మలుపు, 3.0. ఒక చోట బాగా నిటారుగా ఉంటే కొద్దిగా కదిలి 2.9 అయింది, మళ్ళీ లేచింది. నాన్న వెనక నుంచి ముందుకి వంగి, రెండు సీట్ల మధ్యలోంచి ముల్లునే చూస్తున్నాడు. కాసేపయ్యాక, "పడట్లేదు," అన్నాడు. ఇంకాసేపయ్యాక, "నువ్వు అప్పుడే చెప్పావు కదా, ఊపిరి అందట్లేదని," అన్నాడు. అమ్మ అద్దంలో ఆయన్ని ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు చూసింది.

నాకు కూడా ఏదో అనాలనిపించింది. హాస్టల్ నుంచి వచ్చినప్పటి నుంచి అనాలనుకుంటున్నదే.

"అమ్మా, హాఫ్ క్లచ్ అని నేను కూడా అన్నాను కదా."

"అన్నావులే," అంది. మూడో గేరు నుంచి రెండుకి మార్చి, హారన్ కొట్టి, మలుపు తిప్పింది.